గొట్టం చివర నాలుగు అంకెలు

పాత బండి పొగ సంగతి తేల్చడానికి ముందుగా బానెట్ ఎత్తక్కర్లేదు. నంబరు ప్లేటు, ఆర్సీ కాగితం చూస్తే సగం సంగతి తెలుస్తుంది. సూర్యాపేట బస్టాండు దగ్గరైనా, మిర్యాలగూడ రైస్‌మిల్లుల ముందైనా, ఏపీ 24తో మొదలయ్యే నంబర్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. అది ఉమ్మడి నల్లగొండ జిల్లా కోడ్. ఆ బండి 2014 జూన్ కంటే ముందు రిజిస్టరైందని అర్థం. 2016 అక్టోబరులో సూర్యాపేట వేరే జిల్లా అయ్యాక టీఎస్ 29 వచ్చింది. 2024 మార్చి నుంచి టీఎస్ పోయి టీజీ వచ్చింది. ఏపీ 29 అని ఉంటే మాత్రం అది సూర్యాపేట బండి కాదు, పాత రంగారెడ్డి జిల్లాది. సెకండ్ హ్యాండ్ బేరానికి వెళ్లేవాళ్లు ఈ తేడా గుర్తుంచుకోవాలి. ఎందుకంటే ఆ తేడా కోడ్‌తో ఆగదు, పొగ దాకా వస్తుంది.

2010 ఏప్రిల్‌లో దేశంలోని 13 నగరాలకు భారత్ స్టేజ్-4 (బీఎస్-4) ప్రమాణాలు వచ్చాయి. వాటిలో హైదరాబాద్ ఒకటి. మిగతా ఊళ్లకు ఆ ఏడాది అందింది బీఎస్-3 మాత్రమే. హైదరాబాదు నుంచి సూర్యాపేట మీదుగా విజయవాడ వెళ్లే దారి ఒక్కటే. అప్పుడది తొమ్మిదో నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు అరవై ఐదు. ఆ ఒక్క దారిలోనే ఒకే కంపెనీ కారు హైదరాబాదు షోరూంలో కొంటే ఒక రకం, సూర్యాపేటలో రిజిస్టర్ చేయిస్తే ఇంకో రకం. ఇంధనమూ అంతే. బీఎస్-4 పెట్రోలు, డీజిళ్లలో గంధకం 50 పీపీఎం మించకూడదు. బీఎస్-3 పెట్రోల్లో 150, డీజిల్లో 350 దాకా ఉండొచ్చు. దేశమంతా ఒకే బీఎస్-4 కావడానికి 2017 ఏప్రిల్ దాకా పట్టింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చి గంధకాన్ని 10 పీపీఎంకు దించింది. ఒక విధంగా ఏపీ 24 కారు ఇవాళ తాగుతున్న పెట్రోలు, అది పుట్టిన నాటి పెట్రోలు కంటే శుభ్రమైనది. అయినా పొగ పెరిగిందంటే పాపం పెట్రోలుది కాదు, వేరే ఎక్కడో ఉంది.

ఏ తరం బండికి ఆ తరం గీత. కేంద్ర మోటారు వాహన నియమాల్లో 115వ నియమం ఆ గీతలు గీసింది. బీఎస్-2 కంటే పాత పెట్రోలు కారు ఐడ్లింగులో ఉన్నప్పుడు కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం, హైడ్రోకార్బన్లు 1,500 పీపీఎం దాకా వదలొచ్చు. బీఎస్-2, బీఎస్-3 కార్లకు 0.5 శాతం, 750 పీపీఎం. బీఎస్-4కు 0.3 శాతం, 200 పీపీఎం. డీజిల్ బండికి పొగ చిక్కదనమే కొలత. పాతవాటికి 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు, బీఎస్-4 నుంచి 50. కాబట్టి పక్కవాడి కారు కాగితంతో మన కారు కాగితాన్ని పోల్చి లాభం లేదు.

ఆ అంకెలు తీసేది రోడ్డు పక్కన, పెట్రోలు బంకు దగ్గర నిలబడే పొల్యూషన్ బండి. చాలామందికి ఆ కాగితం ఇన్సూరెన్సు కోసం, పోలీసు ఆపితే చూపించడం కోసం. నా దృష్టిలో అది రక్తపరీక్ష రిపోర్టు లాంటిది. రోగం పేరు చెప్పదు, ఎక్కడ వెతకాలో చెబుతుంది. అయితే ఆ పరీక్షను సరిగ్గా చేయాలి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కి ఉండాలి. ప్రోబ్ సైలెన్సర్ లోపలికి అడుగు దాకా వెళ్లాలి. అంచున తగిలించి వదిలేస్తే యంత్రం కొలిచేది సగం పొగ, సగం రోడ్డు మీది గాలి. ఇంట్లోంచి తీసిన కారును రెండు వీధుల అవతల పరీక్షకు పెట్టడం కన్నా, హైవే మీద ఓ పావుగంట నడిపి తెచ్చి పెట్టడం మేలు. ఎందుకో కొద్దిసేపట్లో తెలుస్తుంది.

యంత్రం లోపల పరారుణ కాంతి ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్, కార్బన్ డైఆక్సైడ్, హైడ్రోకార్బన్లు ఒక్కొక్కటీ ఆ కాంతిలో తన తన రంగును మింగేస్తుంది. ఎంత మింగిందో చూసి ఎంత ఉందో లెక్క కడతారు. ఆక్సిజన్‌కు ఆ గుణం లేదు కనుక దానికి వేరే రసాయన సెల్ పెడతారు. పాత కార్ల కాగితం మీద కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు రెండే అచ్చవుతాయి గానీ, చాలా యంత్రాల తెర మీద నాలుగూ కనిపిస్తాయి. ఆ తెరను ఫోన్‌తో ఫొటో తీసుకోండి. మెకానిక్‌కు కాగితం కంటే అది ఎక్కువ ఉపయోగం.

ఉదాహరణకు సూర్యాపేటలో తిరుగుతున్న 2009 మోడల్ ఆల్టో ఒకటి పరీక్షలో తప్పిందనుకుందాం. కార్బన్ మోనాక్సైడ్ 2.8 శాతం, హైడ్రోకార్బన్లు 420 పీపీఎం, కార్బన్ డైఆక్సైడ్ 12.9 శాతం, ఆక్సిజన్ 0.4 శాతం. హైడ్రోకార్బన్లు గీత లోపలే ఉన్నాయి. దెబ్బ కొట్టింది కార్బన్ మోనాక్సైడ్. మెకానిక్ తల ఊపి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పోయింది, మార్చాలి అంటాడు. వేల రూపాయల మాట. అంత ఖర్చెందుకంటే, లోపలి జాలీ తీసేసి ఖాళీ డబ్బా బిగిస్తానంటాడు. రెండూ తప్పే. మొదటిది డబ్బు దండగ, రెండోది చట్టవిరుద్ధం.

కార్బన్ మోనాక్సైడ్ అంటే సగం కాలిన కార్బన్. గాలి చాలక ఆగిపోయిన మంట. హైడ్రోకార్బన్లు అసలు కాలని పెట్రోలు. బాగా మండే ఇంజిన్లో కార్బన్ డైఆక్సైడ్ 14, 15 శాతానికి చేరుతుంది, ఆక్సిజన్ దాదాపు మిగలదు. మన ఆల్టోలో ఆక్సిజన్ మిగల్లేదు, అయినా కార్బన్ డైఆక్సైడ్ ఆ ఎత్తుకు రాలేదు. అంటే పెట్రోలు ఎక్కువై గాలి చాలలేదు. మెకానిక్కులు రిచ్ మిక్చర్ అనేది దీన్నే. ఇది కన్వర్టర్ చేసే పని కాదు, కన్వర్టర్‌కు అందుతున్న సరుకే అలా ఉంది.

కన్వర్టర్ ఎలా పనిచేస్తుందో చూస్తే ఇది స్పష్టమవుతుంది. డబ్బాలో తేనెపట్టు గదుల్లాంటి పింగాణి జాలీ. దాని గోడల మీద పలచగా ప్లాటినం, పల్లాడియం, రోడియం. కార్బన్ మోనాక్సైడ్‌ను, హైడ్రోకార్బన్లను కాల్చాలంటే ఆక్సిజన్ కావాలి. నైట్రోజన్ ఆక్సైడ్లను విడగొట్టాలంటే ఆక్సిజన్ ఉండకూడదు. ఈ రెండు పనులూ ఒకేచోట జరగాలంటే ఒక కిలో పెట్రోలుకు 14.7 కిలోల గాలి చొప్పున, అటూ ఇటూ ఒక శాతం తేడాతో అందాలి. కార్బ్యురేటర్ అంత ఖచ్చితంగా కొలవలేదు. అమెరికాలో స్థిరపడిన ఫ్రెంచ్ ఇంజినీరు యూజీన్ హౌడ్రీ 1950ల్లోనే కన్వర్టర్‌కు రూపం ఇచ్చినా, అది కార్లలోకి రావడానికి రెండు దశాబ్దాలు పట్టింది. ఆనాటి పెట్రోల్లోని సీసం దాన్ని చంపేసేది. మన దగ్గర 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాల్లో సీసం లేని పెట్రోలుతోపాటే కన్వర్టర్ వచ్చింది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం పోయింది.

ఆ 14.7ను కాపలా కాసేది ఆక్సిజన్ సెన్సర్. బాష్ కంపెనీ చేసిన ఈ సెన్సర్‌ను 1976లో వోల్వో కార్లలో మొదట పెట్టారు. జిర్కోనియా అనే పింగాణికి ఒకవైపు బయటి గాలి, మరోవైపు పొగ. మూడొందల డిగ్రీలు దాటితే రెండు వైపులా ఉన్న ఆక్సిజన్ తేడాను బట్టి అందులో కరెంటు పుడుతుంది. పెట్రోలు ఎక్కువైతే 0.9 వోల్టు, తక్కువైతే 0.1. ఆరోగ్యంగా ఉన్న సెన్సర్ ఆ రెంటి మధ్య ఆగకుండా ఊగుతూ ఉంటుంది. ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ దాన్ని చూసి ఒక క్షణం పెట్రోలు తగ్గిస్తుంది, మరు క్షణం పెంచుతుంది. ఊగాల్సిన సెన్సర్ ఒకచోటే నిలిచిపోయిందంటే, చెడింది సెన్సరైనా కావచ్చు, అది చెబుతున్న మాట నిజమైనా కావచ్చు. సెన్సర్ మార్చేముందు ఇది తేల్చుకోవాలి.

కన్వర్టర్ కూడా చల్లగా ఉంటే పని మొదలుపెట్టదు. 250, 300 డిగ్రీలు దాటాలి. హైవే మీద నడిపి తెమ్మన్నది ఇందుకే.

సరే, ఆల్టోకు పెట్రోలు ఎక్కువ ఎందుకు పోతోంది? ముందుగా చూడాల్సింది ఎయిర్ ఫిల్టర్. కన్వర్టర్ కంటే అది ఎన్నో రెట్లు చవక. తర్వాత చెయ్యాల్సిన పరీక్షకు పైసా ఖర్చు లేదు. పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, రేడియేటర్ పైకి వెళ్లే లావు రబ్బరు పైపును ఫ్యాన్‌కు, బెల్టుకు దూరంగా పట్టుకుని చూడండి. కొన్ని నిమిషాల పాటు అది చల్లగానే ఉండాలి. ఇంజిన్ నీళ్లు 80 డిగ్రీలు దాటాక థర్మోస్టాట్ తెరుచుకుని, పైపు ఉన్నట్టుండి వేడెక్కాలి. అలా కాకుండా మొదటి నిమిషం నుంచే మెల్లమెల్లగా గోరువెచ్చనవుతోందంటే థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోయిందన్నా కావాలి, అసలు లేదన్నా కావాలి.

మన ప్రాంతంలో రెండోదానికే అవకాశం ఎక్కువ. మే నెలలో సూర్యాపేట, మిర్యాలగూడల్లో ఎండ 44, 45 డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండలో కారు ఆవిరి కక్కితే షెడ్డులో చేసే మొదటి పని థర్మోస్టాట్ పీకేయడం. పీకగానే నీళ్లు ఆగకుండా తిరుగుతాయి, ముల్లు కిందికి దిగుతుంది, యజమాని సంతోషిస్తాడు. కానీ కారు వేడెక్కింది థర్మోస్టాట్ వల్ల కాదు. ఏళ్ల తరబడి రేడియేటర్లో పోసిన బోరునీళ్ల వల్ల. నల్లగొండ భూగర్భ జలం ఫ్లోరైడ్‌తో దేశమంతా పేరు మోసింది. ఆ నీళ్ల కాఠిన్యం సంగతి మన ఇంటి గిన్నెల అడుగున పేరుకునే తెల్ల పొర చూస్తే తెలుస్తుంది. అదే పొర రేడియేటర్ సన్నటి గొట్టాల్లో పేరుకుంటుంది. కూలెంటు, డిస్టిల్డ్ వాటర్ పోయాల్సిన చోట బోరునీళ్లు పోస్తే వేడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది.

ఇక్కడి నుంచి కథ తోకవైపు నడుస్తుంది. థర్మోస్టాట్ లేని ఇంజిన్, ముఖ్యంగా చలికాలం పొద్దున హైవే మీద, ఎంత నడిచినా అనుకున్న వేడికి రాదు. ఇంజిన్ ఇంకా చల్లగా ఉందని నీళ్ల ఉష్ణోగ్రత సెన్సర్ కంప్యూటర్‌కు చెబుతూనే ఉంటుంది. చల్లటి ఇంజిన్‌కు పెట్రోలు కాస్త ఎక్కువ పొయ్యాలని కంప్యూటర్‌కు నేర్పారు, అది పోస్తుంది. మైలేజీ పడుతుంది. కాలని పెట్రోలు సిలిండర్ గోడల వెంట జారి ఇంజిన్ ఆయిల్లో కలుస్తుంది. మిగిలింది సగం కాలి కార్బన్ మోనాక్సైడ్‌గా సైలెన్సర్లోకి వస్తుంది. దాన్ని కాల్చడానికి కన్వర్టర్ దగ్గర ఆక్సిజన్ ఉండదు. కన్వర్టర్ పోయిందని తేల్చిన ఆ ఆల్టోలో అసలు రోగం బోరుబావి దగ్గర మొదలైంది, ముదిరింది మాత్రం వైద్యం వల్ల. సూర్యాపేట, మిర్యాలగూడ, కోదాడల్లో పాత బండ్ల పొగకు వయసు కన్నా మరమ్మతులే ఎక్కువ కారణమని నా అభిప్రాయం. ముందుకు పోయేకొద్దీ దీనికి ఉదాహరణలు ఇంకా దొరుకుతాయి.

పైపు పరీక్షలో థర్మోస్టాట్ బాగానే ఉందని తేలితే ఆ ఉష్ణోగ్రత సెన్సర్‌నే కొలవాలి. మల్టీమీటర్ ఉంటే చాలు. 20 డిగ్రీల దగ్గర రెండు కిలో ఓమ్‌ల పైన, 80 డిగ్రీల దగ్గర మూడొందల ఓమ్‌ల ప్రాంతంలో చూపాలి. వేడి ఇంజిన్ మీద కూడా వేలల్లో చూపిస్తే అది అబద్ధం చెబుతున్నట్టు. ఇవన్నీ అయ్యాక ఇంజెక్టర్ కారుతోందా, పెట్రోలు ట్యాంకు ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా వాల్వు తెరుచుకుని ఇరుక్కుందా అని చూడాలి. కన్వర్టర్ వంతు అందరికంటే చివర వస్తుంది.

తెర మీద ఆక్సిజన్ రెండు, మూడు శాతం కనిపిస్తే కథ వేరు. ప్రోబ్ సరిగ్గానే పెట్టినా అంత ఆక్సిజన్ ఉందంటే సైలెన్సర్ గొట్టంలో చిల్లు ఉండొచ్చు. పొగ ఒక్క ఊపున బయటికి పోదు, అలలు అలలుగా పోతుంది. అల వెనక్కి తగ్గినప్పుడు చిల్లులోంచి బయటి గాలి లోపలికి దూరుతుంది. ఆ చిల్లు ఆక్సిజన్ సెన్సర్‌కు ముందుంటే అసలు చిక్కు మొదలవుతుంది. దొంగగాలిని చూసిన సెన్సర్ పెట్రోలు తక్కువైందని చెబుతుంది, కంప్యూటర్ పెట్రోలు పెంచుతుంది. ఇంజిన్ నిజానికి రిచ్‌గా నడుస్తుంటే స్కానర్ మాత్రం లీన్ అంటుంది. సెన్సర్ మార్చినా, కంప్యూటర్ మార్చినా ఇది తగ్గదు. ఐడ్లింగులో ఉండగా తడిపిన మందపాటి గుడ్డతో సైలెన్సర్ మూతిని ఒక్క క్షణం అదిమితే, చిల్లున్న చోట బుస్సుమని చప్పుడొస్తుంది. అక్కడ వెల్డింగ్ పెట్టిస్తే సరిపోతుంది.

కార్బన్ మోనాక్సైడ్ తక్కువ, హైడ్రోకార్బన్లు మాత్రం వేలల్లో ఉంటే పెట్రోలు అంటుకోకుండానే బయటికి వచ్చేస్తోంది. మన మెకానిక్కులు మిస్సింగ్ అంటారు. ప్లగ్గు, ప్లగ్గు వైరు, కాయిల్, ఇన్‌టేక్ దగ్గర పగిలిన రబ్బరు గొట్టం, కాలిపోయిన వాల్వు, ఈ వరసలో చూడాలి. ఏ సిలిండర్ పని చెయ్యడం లేదో తెలుసుకోవడానికి ఒక్కో ప్లగ్గు వైరూ పీకి చూసే అలవాటు మన పాత మేస్త్రీలకుంది. కార్బ్యురేటర్ రోజుల్లో దానికి అడ్డు లేదు. కన్వర్టర్ ఉన్న కారులో అలా ఎక్కువసేపు ఉంచితే పచ్చి పెట్రోలు కన్వర్టర్లోకి చేరి అక్కడ మండుతుంది. డబ్బా ఎర్రగా కాలి, లోపలి జాలీ కరిగి ముద్దవుతుంది. దాంతో పొగ పోయే దారి మూసుకుపోయి బండికి పికప్ ఉండదు. రబ్బరు సుత్తితో డబ్బాను మెల్లగా తడితే లోపల పెంకులు గలగలలాడతాయి. అప్పుడు మాత్రం కన్వర్టర్ మార్చాల్సిందే. మిస్సింగ్ మాన్పకుండా మారిస్తే కొత్తదీ కొన్నాళ్లకు అంతే.

కన్వర్టర్‌ను, ఆక్సిజన్ సెన్సర్‌ను మెల్లగా చంపేవి ఇంకో రెండున్నాయి. ఒకటి ఆయిల్ తాగే ఇంజిన్. సైలెన్సర్లోంచి నీలి పొగ వస్తుంటే ఆయిల్లోని ఫాస్ఫరస్ లోహాల మీద పొరలా పేరుకుంటోందని అర్థం. రెండోది గాస్కెట్ల చోట ధారాళంగా పూసే సిలికాన్ పేస్టు. దాని ఆవిరి ఆక్సిజన్ సెన్సర్ కొనను తెల్లటి పూతతో కప్పేస్తుంది. సెన్సర్ విప్పినప్పుడు కొన మసి రంగులో కాక సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే దోషి ఆ ట్యూబే.

ఈ మధ్య ప్రతి పాత బండి రోగాన్నీ ఇథనాల్ మీదికి నెట్టడం అలవాటైంది. అందులో కొంత నిజం ఉంది. ఇథనాల్ తనలోనే ఆక్సిజన్ మోసుకొస్తుంది. అందుకే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు కిలో కాలడానికి 14.7 బదులు పదమూడున్నర కిలోల గాలి చాలు. ఆల్టోలాంటి ఇంజెక్షన్ కారులో ఆక్సిజన్ సెన్సర్ ఆ తేడాను పట్టి సర్దుకుంటుంది. పాత మారుతి 800కు, కార్బ్యురేటర్ స్ప్లెండర్‌కు ఆ దారి లేదు. మిక్చర్ పలచబడుతుంది, కార్బన్ మోనాక్సైడ్ తగ్గి కాగితం మీద బండి బాగుపడినట్టు కనిపిస్తుంది, పికప్ మాత్రం పడిపోతుంది. మొదట మామూలు పెట్రోలు కోసం తయారై ఈ10కి సర్దిన కార్లకు ఈ20తో మైలేజీ 6, 7 శాతం తగ్గొచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే అంచనా వేసింది. పాత రబ్బరు గొట్టాలు ఉబ్బి పగులుతాయి కూడా. వాటిని మార్చుకోవాలి. కానీ కార్బన్ మోనాక్సైడ్ 2.8 శాతానికి ఇథనాల్ కారణం కాదు, అది తోసేది అవతలి వైపుకి.

మిర్యాలగూడకు వస్తే సంగతి డీజిల్‌ది. సాగర్ ఎడమ కాల్వ కింద పండే వడ్లు, వాటి చుట్టూ పుట్టిన బాయిల్డ్ రైస్ మిల్లులు, వాటి బాయిలర్లలో కాలే ఊక. కోతల కాలంలో ఆ రోడ్ల మీద గాల్లో వడ్ల దుమ్ము, ఊక బూడిద కలిసి తేలుతుంటాయి. 2008 నాటి బొలెరో అలాంటి చోట బస్తాలు మోస్తూ నల్లపొగ కక్కుతోందంటే మొదటి ముద్దాయి ఎయిర్ ఫిల్టరే. పెట్రోలు ఇంజిన్లో గాలినీ పెట్రోలునూ కలిపి తగ్గిస్తారు, పెంచుతారు. డీజిల్ ఇంజిన్ ఎప్పుడూ అందినంత గాలి పీల్చుకుంటుంది, తొక్కిన కొద్దీ పెరిగేది డీజిలే. లెక్క ప్రకారం కిలో డీజిల్‌కు పద్నాలుగున్నర కిలోల గాలి చాలు. కానీ లోపల రెండూ పూర్తిగా కలిసేంత సమయం ఉండదు కనుక, గాలి పద్దెనిమిది కిలోల కంటే తగ్గితే మసి మొదలవుతుంది. మూసుకుపోయిన ఫిల్టర్, చీలిన టర్బో గొట్టం రెండూ చేసేది ఈ పనే. పుస్తకంలో రాసిన కిలోమీటర్ల లెక్క ఇక్కడి ఫిల్టర్‌కు వర్తించదు, సగానికే తీసి చూడాలి.

ఫిల్టర్ కొత్తదే అయినా నల్లపొగ ఆగకపోతే ఎవరైనా పంపు పెంచారేమో అడగండి. లోడు లాగడం లేదని డ్రైవర్ అంటే, ఇంజెక్షన్ పంపు మీద కంపెనీ సీలు వేసిన స్క్రూను తిప్పి డీజిల్ పెంచడం మనకు పాత విద్యే. లాగుడు కొంత పెరుగుతుంది. గాలి పెరగలేదు కనుక అదనంగా పోసిన డీజిల్లో చాలా భాగం మసిగా పోతుంది, మైలేజీ కూడా పోతుంది. నాజిళ్లు అరిగి తుంపరకు బదులు ధారగా కారినా ఇదే పొగ. పంపు, నాజిళ్లు రెండింటినీ విప్పి కాలిబ్రేషన్ బల్ల మీద పెట్టించడం తప్ప దీనికి అడ్డదారి లేదు. పొగ నీలంగా ఉంటే రింగులో, టర్బో సీలో చూడాలి. తెల్లగా ఉండి ఇంజిన్ వేడెక్కినా ఆగకపోతే టైమింగునైనా, హెడ్ గాస్కెట్‌నైనా అనుమానించాలి.

అన్నిటికంటే మోసకారి మరమ్మతు ఈజీఆర్‌కు రేకు కొట్టడం. పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజిన్లోకి పంపి మంట వేడిని తగ్గించే వాల్వు అది. వేడి తగ్గితే గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలవడం తగ్గుతుంది. మసి పట్టి ఆ వాల్వు తెరుచుకునే ఇరుక్కుంటే ఇంజిన్‌కు ఊపిరాడక నల్లపొగ వస్తుంది. విప్పి కడిగితే సరిపోయేదానికి మధ్యలో రేకు పెట్టి మూసేస్తారు. నల్లపొగ తగ్గుతుంది, పికప్ వస్తుంది, పొల్యూషన్ పరీక్షలో బండి పాసవుతుంది. ఎందుకంటే ఆ పరీక్ష డీజిల్ బండిలో పొగ చిక్కదనాన్ని తప్ప దేన్నీ చూడదు. కంటికి కనిపించని నైట్రోజన్ ఆక్సైడ్లు మాత్రం పెరుగుతాయి. అవి హైడ్రోకార్బన్లతో కలిసి ఎండలో ఓజోన్‌గా మారతాయని లాస్ ఏంజెలెస్ పొగమంచు మీద పనిచేసిన హాగెన్-స్మిట్ 1950ల తొలినాళ్లలోనే చూపించాడు. ఎండకు మన దగ్గర కొదవ లేదు. 2019లో మొదలైన జాతీయ శుద్ధ వాయు కార్యక్రమం జాబితాలో హైదరాబాద్, పటాన్‌చెరు, సంగారెడ్డిలతో పాటు నల్లగొండ కూడా ఉంది. గాలి ప్రమాణాలు ఏళ్ల తరబడి అందుకోలేకపోయిన ఊళ్ల జాబితా అది. రోడ్డు దుమ్ముకు, పరిశ్రమలకు అందులో పెద్ద వాటా ఉండొచ్చు. అయినా రేకు కొట్టిన బండి వాటా లేకుండా పోదు.

కోదాడ మీదుగా పోయే లారీల్లో కొత్త రకం రోగం చూస్తాం. మేళ్లచెరువు, హుజూర్‌నగర్ వైపు సిమెంటు లారీలు, ఆంధ్రా సరిహద్దు దాటే లారీలు. 2017 తర్వాతి బీఎస్-4 లారీల్లో కొన్నింటికి, 2020 తర్వాతి బీఎస్-6 లారీలకు యాడ్‌బ్లూ ట్యాంకు ఉంటుంది. ఇవీ ఇప్పుడు పాతబడుతున్నాయి. యాడ్‌బ్లూ అంటే శుద్ధమైన నీళ్లలో 32.5 శాతం శుద్ధమైన యూరియా. వేడి పొగలో చిమ్మితే యూరియా అమ్మోనియాగా మారి నైట్రోజన్ ఆక్సైడ్లను మామూలు నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మారుస్తుంది. ఆ 32.5 శాతం ఎందుకంటే, ఆ పాళ్లలో అది మైనస్ 11 డిగ్రీల దాకా గడ్డకట్టదు. కోదాడకు ఆ భయం లేదు గానీ లెక్క మాత్రం ప్రపంచమంతా ఒక్కటే.

యూరియా అంటే యూరియానే కదా, 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలకే సొసైటీలో దొరుకుతుంటే డబ్బాల్లో కొనడం దేనికనే ఆలోచన ఎవరికైనా వస్తుంది. పొలం యూరియాలో బైయూరెట్ అనే మలినం ఎక్కువ. పైగా 2015 నుంచి మన దేశంలో వ్యవసాయ యూరియా అంతటికీ వేపనూనె పూత తప్పనిసరి. పంటకు మేలు చేసే ఆ పూత లారీ నాజిల్‌ను పూడ్చేస్తుంది. బోరునీళ్లతో కలిపితే అందులోని కాల్షియం క్యాటలిస్టు మీద స్థిరపడుతుంది. డాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. స్కానర్ పెడితే పీ20ఈఈ అనే కోడ్ వస్తుంది. నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే పని సరిగ్గా జరగడం లేదని దాని అర్థం. క్యాటలిస్టు మార్చమనే ముందు ట్యాంకులోని ద్రవాన్ని ఒక చుక్క రిఫ్రాక్టోమీటర్ మీద వేసి చూడాలి. 32.5కు చాలా దూరంగా ఉంటే తప్పు ద్రవానిదే. సరిగ్గా ఉంటే, నాజిల్ చుట్టూ తెల్లటి గడ్డలు కట్టాయేమో విప్పి చూడాలి.

ఇంకో దారి ఎంచుకున్నవాళ్లూ ఉన్నారు. అంతా సవ్యంగానే ఉందని కంప్యూటర్‌ను నమ్మించే చిన్న ఎలక్ట్రానిక్ పెట్టెను బిగిస్తారు. లైటు ఆరిపోతుంది, యాడ్‌బ్లూ ఖర్చు మిగులుతుంది. ఫోక్స్‌వ్యాగన్ కోటి పది లక్షల కార్లలో సాఫ్ట్‌వేర్‌తో చేసి, 2015లో బయటపడిన మోసం కూడా ఇలాంటిదే. ఆ కంపెనీకి వేల కోట్ల డాలర్లు వదిలాయి. ఇక్కడ ఆ పెట్టె బిగించినవాడికీ, బిగించుకున్నవాడికీ చాలావరకు ఏమీ కాదు. రేకు కొట్టడం కన్నా ఇది పెద్ద నేరమని నేననుకుంటాను. రేకు కొట్టినవాడికి నైట్రోజన్ ఆక్సైడ్ల సంగతి తెలియకపోవచ్చు, పెట్టె అమ్మేవాడికి తెలుసు.

మీ బండి బీఎస్-4 కంటే పాతదైతే పొల్యూషన్ సర్టిఫికెట్ ఆరు నెలలకే తీరిపోతుంది, ఆపై తరాలకు ఏడాది. ఈసారి వెళ్లినప్పుడు బండి వేడెక్కాకే వెళ్లండి, ప్రోబ్ అడుగు లోపలికి పెట్టించండి, తెరను ఫొటో తీయించుకోండి. పాసైనా సరే, ఆ అంకెలను పోయినసారి అంకెల పక్కన రాసిపెట్టుకోండి. బీఎస్-2, బీఎస్-3 కారులో కార్బన్ మోనాక్సైడ్ 0.1 నుంచి 0.4కు చేరితే బండి ఇంకా పాసే, కానీ రోగం మొదలైంది. అప్పుడు షెడ్డుకు వెళ్లి మొదట అడగాల్సిన ప్రశ్న, ఇందులో థర్మోస్టాట్ ఉందా అని.